చందాల మీద నడిచిన దేశం: అమెరికా మొదటి రాజ్యాంగం

నమస్కారం అండీ.

అమెరికా రాజ్యాంగం అనగానే మనకి గుర్తొచ్చేది 1787, ఫిలడెల్ఫియా, జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షతన జరిగిన సమావేశం. కానీ అంతకుముందే ఆ దేశానికి ఇంకో రాజ్యాంగం ఉంది. 1781 మార్చి నుంచి 1789 మార్చి దాకా, ఎనిమిదేళ్లు అమెరికా దాని కిందే నడిచింది. బ్రిటన్ మీద యుద్ధం గెలిచింది అప్పుడే, సంధి మీద సంతకాలు పడిందీ అప్పుడే. దాని పేరు ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్. మొత్తం పదమూడు ఆర్టికల్స్.

పాఠ్యపుస్తకాల్లో దీనికి మహా అయితే ఒక పేరా దక్కుతుంది. బలహీనంగా ఉంది, పనిచెయ్యలేదు, అందుకని కొత్తది రాసుకున్నారు, అంతే. ఆ మాటలో తప్పులేదు. కానీ అది చేతకాక బలహీనంగా తయారైంది కాదు. పట్టుబట్టి, ఒక్కొక్క అధికారాన్ని కొట్టేసి, కావాలనే అలా తయారుచేశారు. ఎందుకు చేశారో తెలిస్తే తరవాత వచ్చిన రాజ్యాంగం కూడా కొత్తగా అర్థమవుతుంది. పైగా ఆ ఎనిమిదేళ్లలో జరిగిన ఒక పని వల్లే ఈరోజు అమెరికా మ్యాప్ ఇలా ఉంది. ఆ సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే నా లెక్కలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే పెద్ద విషయం అదే.

1776 జూన్ 7. ఫిలడెల్ఫియాలో పదమూడు కాలనీల ప్రతినిధులు కూర్చున్న సభ, కాంటినెంటల్ కాంగ్రెస్. వర్జీనియా నుంచి వచ్చిన రిచర్డ్ హెన్రీ లీ లేచి ఒక తీర్మానం పెట్టాడు. అందులో మూడు ముక్కలు. ఒకటి, ఈ కాలనీలు ఇకనుంచి స్వతంత్ర రాష్ట్రాలు. రెండోది, విదేశాలతో పొత్తులు వెతుక్కోవాలి. మూడోది, అందరం కలిసి ఉండడానికి ఒక ప్రణాళిక రాసుకోవాలి. మొదటిదాని కోసం వేసిన కమిటీలో థామస్ జెఫర్సన్ ఉన్నాడు, వాళ్లు రాసిన స్వాతంత్ర్య ప్రకటన ప్రపంచమంతటికీ తెలుసు. మూడోదాని కోసం కాలనీకి ఒకరు చొప్పున పదమూడు మందితో ఇంకో కమిటీ వేశారు. అందులో కలం పట్టింది జాన్ డికిన్సన్.

ఈయన్ని కొంచెం పరిచయం చేసుకోవాలి. పెన్సిల్వేనియా లాయరు. బ్రిటన్ వేసిన పన్నులు అన్యాయమని 1767లో వరసగా వ్యాసాలు రాసి కాలనీలన్నిటిలో పేరు తెచ్చుకున్నాడు. అయినా 1776లో స్వాతంత్ర్యం అప్పుడే ప్రకటించొద్దన్నాడు. ముందు మనం ఒకటిగా కూడాలి, ఫ్రాన్స్ లాంటి దేశం అండ దొరకాలి, అప్పుడు ప్రకటిద్దాం అని ఆయన వాదన. జూలై 2న ఓటింగ్ జరిగితే అందులో పాల్గొనలేదు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టలేదు. కానీ ఆ వెంటనే తన దళాన్ని తీసుకుని యుద్ధానికి వెళ్లాడు. నాకు ఈ మనిషంటే చాలా గౌరవం. ఓటు వెయ్యనన్న యుద్ధానికి ముందు వరసలో నిలబడ్డాడు.

ఆయన రాసిన చిత్తుప్రతి జూలై 12న సభ ముందుకొచ్చింది. అప్పుడు మొదలైంది అసలు గొడవ. ఓటు ఎవరికెంత? డబ్బు ఎవరు కట్టాలి? పడమటి భూములు ఎవరివి?

ఓటు సంగతి చూద్దాం. డికిన్సన్ రాసింది రాష్ట్రానికి ఒక్క ఓటు. వర్జీనియా జనాభా డెలావేర్ కంటే పది రెట్లకు పైమాటే. ఇద్దరికీ ఒకే ఓటా? పెద్ద రాష్ట్రమైన పెన్సిల్వేనియా నుంచి వచ్చిన డెబ్భై ఏళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. చిన్న రాష్ట్రాలు కూడా మాతో సమానంగా డబ్బు, మనుషుల్ని ఇస్తే అప్పుడు సమానంగా ఓటు తీసుకోండి అన్నాడు. చిన్న రాష్ట్రాల భయం వాళ్లకుంది. లండన్‌లో ఎవరో మన తలరాత రాస్తున్నారనే కదా తిరగబడింది, ఇప్పుడు ఆ పెత్తనం వర్జీనియా చేతికి ఇవ్వాలా? చివరికి చిన్నవాళ్ల మాటే నెగ్గింది.

డబ్బు దగ్గరికొచ్చేసరికి ఆ సభలో ఎవరూ తిన్నగా చూడదలుచుకోని విషయం బయటపడింది. డికిన్సన్ చిత్తుప్రతిలో జనాభాని బట్టి రాష్ట్రాలు వాటా కట్టాలని ఉంది. జనాభా అంటే అందరూనా? బానిసలు కూడా లెక్కలోకి వస్తారా? మేరీల్యాండ్‌కి చెందిన శామ్యూల్ చేజ్ లేచి తెల్లవాళ్లని మాత్రమే లెక్కపెట్టాలన్నాడు. జూలై 30న సౌత్ కెరొలైనా ప్రతినిధి థామస్ లించ్ ఇంకో అడుగు ముందుకేశాడు. మా బానిసలు మా ఆస్తి అవునా కాదా అని మీరు చర్చ పెడితే ఈ కూటమి ఇక్కడితో ముగిసినట్టే అన్నాడు. భూమి మీద, గొర్రెల మీద, పశువుల మీద, గుర్రాల మీద లేని లెక్క బానిసల మీద ఎందుకని అడిగాడు.

ఫ్రాంక్లిన్ జవాబిచ్చాడు. బానిసలు రాజ్యానికి బలం కాదు, బలహీనత. కాబట్టి వాళ్లకీ గొర్రెలకీ తేడా ఉంది. గొర్రెలు ఎప్పుడూ తిరుగుబాటు చెయ్యవు.

మసాచుసెట్స్ ప్రతినిధి జాన్ ఆడమ్స్ ఈ మాటల్ని తన నోట్సులో రాసిపెట్టుకున్నాడు కాబట్టి ఇవాళ మనకి తెలుసు. తారీఖు ఒకసారి చూడండి. మనుషులందరూ సమానంగా పుట్టారని ప్రకటించి నెల కూడా కాలేదు. అదే సభలో మనుషుల్ని గొర్రెలతో కలిపి లెక్కేస్తున్నారు. ఫ్రాంక్లిన్ జవాబు పదునైనదే, కానీ ఆయన కూడా వాళ్లు మనుషులు అనలేదు, తిరగబడతారు అన్నాడు.

ఈ చిక్కు నుంచి బయటపడడానికి చివరికి ఒక దారి వెతికారు. మనుషుల్ని లెక్కపెట్టడమే మానేద్దాం, భూమి విలువని బట్టి వాటా వేద్దాం. ప్రైవేటు యజమానుల చేతిలో ఉన్న భూమి, దాని మీద కట్టిన ఇళ్లు, చేసిన బాగుచేత, అన్నిటి విలువా కట్టి దాని ప్రకారం. ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలు ఒప్పుకోలేదు, వాళ్ల దగ్గర చిన్న చిన్న కమతాలు, వాటి మీద ఇళ్లు ఎక్కువ మరి. అయినా 1777 అక్టోబర్‌లో అదే నెగ్గింది. తీరా చూస్తే దేశమంతా ఆ విలువ కట్టే పని ఏనాడూ పూర్తి కాలేదు. 1783లో మళ్లీ జనాభా పద్ధతికే వద్దామని కాంగ్రెస్ ప్రతిపాదించింది. బానిసల్ని ఐదింట మూడు వంతులుగా లెక్కేద్దాం అంది. ఆ సవరణ నెగ్గలేదు. కానీ ఆ లెక్క 1787 రాజ్యాంగంలోకి అలాగే ఎక్కి కూర్చుంది. ఆ మూడు వంతుల మాట ఫిలడెల్ఫియాలో కొత్తగా పుట్టిందని చాలామంది అనుకుంటారు. దాని వేరు ఇక్కడుంది.

ఇదంతా యుద్ధం మధ్యలో జరుగుతోందని మర్చిపోకండి. ఒక వారం చర్చ, తరవాత నెలల తరబడి పక్కన పెట్టేయడం. 1776 డిసెంబర్‌లో బ్రిటిష్ సైన్యం దగ్గరికొస్తోందని కాంగ్రెస్ బాల్టిమోర్‌కి పారిపోయింది. మార్చిలో తిరిగొచ్చింది. 1777 సెప్టెంబర్ 26న ఫిలడెల్ఫియా నిజంగానే బ్రిటిష్ వాళ్ల చేతిలో పడింది. కాంగ్రెస్ లాంకాస్టర్ వెళ్లి ఒక్క రోజు కూర్చుంది, అక్కడా భద్రత లేదని సస్క్వెహన్నా నది దాటి యార్క్ అనే చిన్న ఊరు చేరింది. నది అడ్డుగా ఉంటే శత్రువు అంత తేలిగ్గా రాలేడని.

ఆ ఊరి కోర్టు భవనంలో 1777 నవంబర్ 15న ఆర్టికల్స్ ఆమోదం పొందాయి. సరిగ్గా ఆ సమయంలోనే ఎందుకు తెమిలింది అంటే, అక్టోబర్ 17న సరటోగాలో బ్రిటిష్ జనరల్ బర్గోయిన్ తన సైన్యంతో లొంగిపోయాడు. ఇక ఫ్రాన్స్ మనవైపు రావచ్చు. వచ్చి ఎవరితో ఒప్పందం చేసుకోవాలి? పదమూడు మందితో విడివిడిగానా? అప్పు ఎవరి పేరు మీద ఇవ్వాలి? అందుకని తొందరపడ్డారు.

అప్పటికి డికిన్సన్ రాసిన దాంట్లో చాలా పోయింది. ముఖ్యంగా నార్త్ కెరొలైనా నుంచి వచ్చిన థామస్ బర్క్ చేసిన మార్పు. ఆయన చేర్పించిన వాక్యమే రెండో ఆర్టికల్ అయింది. ప్రతి రాష్ట్రమూ తన సార్వభౌమత్వాన్ని, స్వేచ్ఛని, స్వాతంత్ర్యాన్ని తన దగ్గరే ఉంచుకుంటుంది, కాంగ్రెస్‌కి స్పష్టంగా ఇచ్చినవి తప్ప మిగతా అధికారాలన్నీ రాష్ట్రాలవే. ఇది పునాది రాయి. దేశం పుట్టి రాష్ట్రాల్ని తయారుచెయ్యలేదు, రాష్ట్రాలు ముందు పుట్టి, కావలసినంత మేరకే దేశానికి ఇచ్చాయి.

మన దగ్గర ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది. మన రాజ్యాంగంలో మూడో అధికరణ ప్రకారం రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం పార్లమెంటుది. అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు, కానీ దానికి కట్టుబడి ఉండక్కర్లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఆ రోజుల్లో మీరు ఏ వైపు ఉన్నా సరే, ఆ చర్చలన్నీ విన్నవాళ్లకి బర్క్ వాక్యం బరువెంతో చెప్పక్కర్లేదు. అమెరికాలో ఇప్పటికీ ఒక రాష్ట్రాన్ని చీల్చాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకుని తీరాలి.

సరే, కాంగ్రెస్‌కి ఏం మిగిలింది? యుద్ధం, సంధి, రాయబారులు, పోస్టాఫీసులు, నాణేల విలువ, అప్పు తెచ్చుకోవడం. ఏం లేదు? పన్ను వేసే అధికారం లేదు. వ్యాపారాన్ని నియంత్రించే అధికారం లేదు. దేశానికి అధ్యక్షుడు లేడు, సభ నడిపే అధ్యక్షుడున్నాడు, ఆయన కూడా మూడేళ్లలో ఒక్క ఏడాదికి మించి ఆ కుర్చీలో ఉండకూడదు. దేశానికంతటికీ ఒక సుప్రీంకోర్టు లేదు. పెద్ద నిర్ణయం ఏదైనా పదమూడులో తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ఆర్టికల్స్‌లో అక్షరం మార్చాలన్నా పదమూడూ ఒప్పుకోవాలి.

నాలుగో ఆర్టికల్ మాత్రం మెచ్చుకుని తీరాలి. ఒక రాష్ట్రంలో స్వేచ్ఛగా ఉన్న మనిషి ఇంకో రాష్ట్రానికి వెళ్తే అక్కడి పౌరుల హక్కులే అతనికీ ఉంటాయి, వ్యాపారం చేసుకోవచ్చు, రాకపోకలు సాగించొచ్చు. నిరుపేదల్ని, దిమ్మరుల్ని, నేరం చేసి పారిపోయినవాళ్లని మినహాయించారు, పేదరికాన్ని నేరం పక్కన కూర్చోబెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ ఆ మూల సూత్రం 1787 రాజ్యాంగంలోకి వెళ్లింది. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లు న్యూజెర్సీ వదిలి టెక్సస్‌లో ఇల్లు కొనుక్కుంటే అక్కడ పరాయివాళ్లు కాకపోవడం వెనక ఈ మాట ఉంది.

ఆమోదించిన కాగితాన్ని రాష్ట్రాలకు పంపారు. 1777 డిసెంబర్‌లో వర్జీనియా మొదటగా సరేనంది. 1778 జూలై 9న ఎనిమిది రాష్ట్రాల ప్రతినిధులు సంతకాలు పెట్టారు. 1779 వచ్చేసరికి పన్నెండు. మిగిలింది ఒక్క మేరీల్యాండ్. ఆ ఒక్కటి రెండేళ్లు కదల్లేదు.

మేరీల్యాండ్ పట్టుదలకి కారణం భూమి. రాజులు ఎప్పుడో ఇచ్చిన పట్టాల్లో కొన్ని కాలనీలకు పడమటి సరిహద్దే లేదు. వర్జీనియాకి 1609లో ఇచ్చిన పట్టా ప్రకారం సముద్రం నుంచి సముద్రం దాకా తమదే అనేవాళ్లు. అపలాచియన్ కొండల అవతల మిసిసిపీ దాకా ఉన్న భూమి మాది అని వర్జీనియా, దాని మీదే తమకీ వాటా ఉందని మసాచుసెట్స్, కనెక్టికట్, న్యూయార్క్. మేరీల్యాండ్‌కి అలాంటి పట్టా లేదు, దాని హద్దులు గీసేసి ఉన్నాయి. వాళ్ల వాదన తిన్నగా ఉంది. ఈ భూమి బ్రిటన్ నుంచి పదమూడు రాష్ట్రాల రక్తంతో, డబ్బుతో గెలుచుకుంటున్నాం. అలాంటప్పుడు అది పదమూడు మందిదీ కావాలి. వర్జీనియా ఆ భూములు అమ్ముకుని పన్నులు తగ్గించుకుంటే మా జనమంతా అక్కడికి వలసపోతారు, మేం ఖాళీ అయిపోతాం.

వాదన న్యాయమైనదే. దాని వెనక స్వార్థమూ ఉంది, దాచాల్సిన పనిలేదు. మేరీల్యాండ్ పెద్దమనుషులు కొందరు స్థానిక తెగల దగ్గర భూములు కొన్నామని చెప్పే కంపెనీల్లో పెట్టుబడి పెట్టారు, పైన తెల్లవాళ్లనే లెక్కపెట్టాలన్న శామ్యూల్ చేజ్ కూడా వాళ్లలో ఒకడు. వర్జీనియా ఆ కొనుగోళ్లు చెల్లవంటోంది. న్యాయం, లాభం రెండూ ఒకే వైపు ఉన్నప్పుడు మనుషులు ఎంత గట్టిగా నిలబడతారో మేరీల్యాండ్ చూపించింది.

ముడి విప్పిన మాట 1780 అక్టోబర్ 10న కాంగ్రెస్ నుంచి వచ్చింది. రాష్ట్రాలు తమ పడమటి భూముల్ని వదులుకుంటే వాటిని అందరి ఉమ్మడి మేలు కోసం వాడతాం. అక్కడ కొత్త రాష్ట్రాలు ఏర్పడతాయి. ఆ కొత్త రాష్ట్రాలకు పాత పదమూడింటికి ఉన్న సార్వభౌమత్వం, స్వేచ్ఛ, స్వాతంత్ర్యమే ఉంటాయి. అంటే మాకు కాలనీలు ఉండవు అని తేల్చి చెప్పడం. తాము కాలనీగా ఉండి తిరగబడ్డవాళ్లు, తమ చేతికి భూమి వచ్చినప్పుడు కిందివాళ్లని తయారుచేసుకోకూడదని రాసిచ్చారు. ఆ సభలో ఇంతకంటే గొప్ప నిర్ణయం జరగలేదని నేను నమ్ముతాను.

న్యూయార్క్ అప్పటికే ముందుకొచ్చింది. 1781 జనవరిలో వర్జీనియా షరతులతో ఒప్పుకుంది. అదే సమయంలో చెసపీక్ అఖాతంలో బ్రిటిష్ ఓడలు మేరీల్యాండ్ తీరం మీద పడుతున్నాయి. నౌకాదళం సాయం చెయ్యమని వాళ్లు ఫ్రెంచ్ రాయబారి లా లూజెర్న్‌ని అడిగితే, ముందు మీరు ఆర్టికల్స్ మీద సంతకం పెట్టండి అని ఆయన నచ్చచెప్పాడు. 1781 మార్చి 1న జాన్ హాన్సన్, డేనియల్ కరోల్ మేరీల్యాండ్ తరఫున సంతకం పెట్టారు. ఫిలడెల్ఫియాలో ఫిరంగులు పేలాయి. ఆ అసలు ప్రతి ఆరు తోలు పత్రాలు ఒకదానికొకటి కుట్టి చుట్ట చుట్టినది, చివరి పత్రం మీద 48 సంతకాలు. చిత్తుప్రతి మొదట సభ ముందుకొచ్చి అప్పటికి నాలుగేళ్ల ఏడున్నర నెలలు.

ఆ తరవాతి కష్టాలు కొంచెం వేగంగా చెబుతాను, అవి అందరూ చెప్పేవే. ఊళ్లో జాతరకి చందా పుస్తకం పట్టుకుని తిరిగినట్టు కాంగ్రెస్ రాష్ట్రాల చుట్టూ తిరిగింది. ఇచ్చినవాడు ఇస్తాడు, రేపు రమ్మన్నవాడిని ఏం చెయ్యగలం? 1782కి 80 లక్షల డాలర్లు కావాలని అడిగితే ఆ ఏడాది ముగిసేసరికి పదో వంతు కూడా చేరలేదు. దిగుమతుల మీద 5 శాతం సుంకం వేసుకోనివ్వండి అని సవరణ పెడితే పన్నెండు రాష్ట్రాలు కాస్త అటూ ఇటూగా కదిలాయి, రోడ్ ఐలండ్ ఒక్కటి అడ్డుపడింది, పోయింది. మళ్లీ ప్రయత్నిస్తే ఈసారి న్యూయార్క్ అడ్డుపడింది. 1783 జూన్‌లో జీతాలు అందని సైనికులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ కూర్చున్న భవనాన్ని చుట్టుముట్టారు. కాంగ్రెస్ ప్రిన్స్‌టన్ వెళ్లిపోయింది, అక్కడినుంచి అనాపొలిస్, ట్రెంటన్, న్యూయార్క్. గెలిచిన దేశపు సభకి కూర్చోడానికి చోటు లేదు. బ్రిటన్‌తో సంధిని ఆమోదించడానికి తొమ్మిది రాష్ట్రాల ప్రతినిధులు కావాలి. అనాపొలిస్‌లో వాళ్ల కోసం వారాలు ఎదురుచూసి 1784 జనవరి 14న ఎలాగో ఆమోదించారు.

1786లో మసాచుసెట్స్‌లో అప్పులపాలైన రైతులు డేనియల్ షేస్ లాంటివాళ్ల వెంట నడిచి కోర్టులు మూయించారు. వాళ్లలో చాలామంది యుద్ధంలో పోరాడినవాళ్లే. 1787 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం దగ్గర కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. దాన్ని అణచడానికి కాంగ్రెస్ దగ్గర సైన్యమూ లేదు, డబ్బూ లేదు, బోస్టన్ వ్యాపారుల డబ్బుతో రాష్ట్రమే సేనను కూడగట్టింది. దీంతో ఆస్తిపరులంతా భయపడ్డారు. మే నెలలో ఫిలడెల్ఫియా సమావేశం మొదలైంది.

ఇప్పుడు మొదట్లో చివరికి దాచిన సంగతి. అక్కడ కొత్త రాజ్యాంగం రాస్తుండగానే, న్యూయార్క్‌లో ఈ పాత కాంగ్రెస్, డబ్బులేని కాంగ్రెస్, 1787 జూలై 13న నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్ తెచ్చింది. మేరీల్యాండ్ పట్టుబట్టి ఉమ్మడి చేయించిన భూమి ఇది. ఒహాయో నదికి ఉత్తరాన మూడు నుంచి ఐదు రాష్ట్రాలు ఏర్పడొచ్చు. ఒక్కొక్కదానిలో స్వేచ్ఛగా ఉన్నవాళ్ల జనాభా 60,000కి చేరితే పాత రాష్ట్రాలతో సమానంగా చేరొచ్చు. అక్కడ బానిసత్వం ఉండకూడదు. దీనికి రెండేళ్ల ముందు 1785లో చేసిన చట్టం ఆ భూమిని ఆరు మైళ్ల చదరపు టౌన్‌షిప్పులుగా, ఒక్కొక్కదాన్ని 640 ఎకరాల చొప్పున 36 భాగాలుగా కొలవమంది, 16వ నంబరు భాగం బడికి వదలమంది. ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్, మిషిగన్, విస్కాన్సిన్ ఇలా వచ్చినవే. షికాగోలోనో కొలంబస్‌లోనో ఉన్న మన తెలుగు కుటుంబాలు ఒకసారి విమానం దిగేటప్పుడు కిటికీలోంచి ఆ గళ్లు గళ్లు పొలాలు చూడండి, ఆ గీతలు గీయించింది ఈ బలహీనమైన సభే.

ఆ భూమి ఖాళీ భూమి కాదు. షానీ, మయామీ, డెలావేర్ తెగలు, ఇంకా ఎందరో తరాలుగా ఉంటున్న నేల అది. వాళ్ల అనుమతి లేకుండా వాళ్ల భూమి తీసుకోబోమని ఆ ఆర్డినెన్స్‌లోనే రాశారు. ఆ మాట నిలబెట్టుకోలేదు. 1790ల్లో అక్కడ యుద్ధాలు జరిగాయి, ఆ జనం పడమటికి నెట్టబడ్డారు. కొత్త రాష్ట్రాలకి సమానత్వం ఇచ్చిన కాగితం, అప్పటికే అక్కడున్నవాళ్లకి ఓటే లేకుండా రాసిన కాగితం. ఈ రెండోది వదిలేసి మొదటిది మాత్రమే పొగిడితే అది చరిత్ర చెప్పడం అనిపించుకోదు.

ఇక కొత్త రాజ్యాంగం సంగతి. ఆర్టికల్స్ ప్రకారం మార్పుకి పదమూడూ ఒప్పుకోవాలి కదా. ఫిలడెల్ఫియాలో కూర్చున్నవాళ్లు ఆ నియమాన్ని పక్కనపెట్టి, తొమ్మిది రాష్ట్రాలు ఆమోదిస్తే ఆ తొమ్మిదింటికీ చాలు అని రాసుకున్నారు. రోడ్ ఐలండ్ ఆ సమావేశానికి మనుషుల్నే పంపలేదు, 1790 మేలో గానీ చేరలేదు. మన పాత గొడవ కూడా అక్కడ మళ్లీ వచ్చింది, రాష్ట్రానికి సమానంగా ఓటా, జనాభాని బట్టా అని. ఈసారి రెండూ ఇచ్చారు, సెనేట్‌లో సమానం, ప్రతినిధుల సభలో జనాభా లెక్క. సెనేట్‌లో చిన్న రాష్ట్రాలకి సమాన ఓటు కావాలని ఆ సమావేశంలో గట్టిగా మాట్లాడినవాళ్లలో డెలావేర్ తరఫున వచ్చిన జాన్ డికిన్సన్ ఒకడు. సెప్టెంబర్ 17న సంతకాల వేళకి ఆయన ఆరోగ్యం బాగోక ఇంటికి వెళ్లిపోయాడు, తోటి ప్రతినిధి జార్జ్ రీడ్ ఆయన బదులు ఆయన పేరు రాశాడు.

ఆ ఫిలడెల్ఫియా వేసవి గురించి వచ్చే వీడియోలో మాట్లాడుకుందాం. పెన్సిల్వేనియాలో ఉన్నవాళ్లు వీలైతే యార్క్ వెళ్లి రండి, ఆ కోర్టు భవనం నమూనా కట్టి ఉంచారు. ఉంటాను, నమస్కారం.